మచ్చలనుకుని తోమేసిన ట్రైసెరాటాప్స్

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. డైనోసార్లంటే ప్రాణం. కెనడాలో ఉంటున్న మా అన్నయ్య వాడి పుట్టినరోజుకి ఒక వెండి నాణెం పంపాడు. 2008 నాటిది, 4 డాలర్లు అని ఉంది, ట్రైసెరాటాప్స్ శిలాజం బొమ్మ ఉంది. పెట్టె తెరిచి చూస్తే బొమ్మ మీద అక్కడక్కడా నల్లటి మచ్చలు. ఇన్నేళ్లు ఎక్కడో పడి ఉండి పాడైపోయిందేమో అనుకుని టూత్‌పేస్ట్ వేసి బాగా తోమాను. తళతళలాడింది. వీడియో కాల్‌లో గొప్పగా చూపిస్తే అన్నయ్య తల పట్టుకున్నాడు. "అది మచ్చ కాదే, దాన్ని అలాగే తయారు చేశారు" అన్నాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. దీన్ని మళ్లీ పాత రూపానికి తేవచ్చా? విలువ మొత్తం పోయినట్టేనా? బాబుకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఇంకో మాట. వాడు ఇప్పుడు ఆన్‌లైన్‌లో 'అసలైన డైనోసార్ ఎముక' పొదిగిన నాణెం చూసి అది కావాలని పట్టు పట్టాడు. అమ్మేవాళ్లేమో పిల్లల భవిష్యత్తుకు మంచి పెట్టుబడి అంటున్నారు. కొనమంటారా?
– ఒక అమ్మ

జవాబు:

చేదు మాట ముందే చెప్పేస్తాను. మీ అన్నయ్య అన్నది నిజం. మీరు వదిలించింది మురికి కాదు, ఆ నాణేన్ని చేసినవాళ్లు కావాలని వేసిన నలుపు.

కెనడా ప్రభుత్వ టంకశాల రాయల్ కెనడియన్ మింట్ 2007 నుంచి 2010 వరకు 4 డాలర్ల ముఖవిలువతో డైనోసార్ వెండి నాణేలు విడుదల చేసింది. మొదటి ఏడాది పారాసారోలోఫస్, తర్వాతి ఏడాది మీ బాబుకి వచ్చిన ట్రైసెరాటాప్స్, ఆ పైన టైరనోసారస్ రెక్స్, 2010లో డ్రోమియోసారస్. స్మారక నాణేలంటే మామూలుగా అద్దంలా మెరవాలి. కానీ శిలాజం అద్దంలా మెరిస్తే ఏం బాగుంటుంది? అప్పుడే రాతిలోంచి తవ్వి తీసిన ఎముకలా కనిపించాలని బొమ్మలోని పల్లపు చోట్ల నలుపు పట్టించారు. ఆ నలుపు ఒక్కో నాణెం మీద ఒక్కోలా కుదురుతుంది కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ వరుసకున్న ప్రత్యేకతే అది.

మిమ్మల్ని మరీ తప్పుపట్టలేను. వెండి నల్లబడితే తోమడం ఎవరికైనా చేతికి అలవాటైన పని. గాలిలో ఉండే గంధకపు వాయువులు తగిలి వెండి మీద పల్చటి నల్లని పొర ఏర్పడుతుంది, ఇంట్లో వెండి సామాను మీద మనం వదిలించేది దాన్నే. నాణేల మీద కూడా ఇలాంటి పొరనే, కాకపోతే ఎంత కావాలో ఎక్కడ కావాలో లెక్క చూసుకుని తెప్పిస్తారు. చూసేవాళ్లకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? పెట్టెలో ఉండే చిన్న కాగితం చదివితే తెలుస్తుంది. మనలో ఎంతమందిమి ఆ కాగితం చదువుతాం చెప్పండి!

నలుపు పోవడంతో ఆగిపోయి ఉంటే బాగుండేది. టూత్‌పేస్ట్‌లో పళ్లని రుద్దడానికి సుద్దలాంటి లేదా సిలికా లాంటి సన్నటి పొడి కలుపుతారు. వెండి చాలా మెత్తటి లోహం. నాణేన్ని ఒక దీపం కింద పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. తోమిన దిక్కులోనే వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. మీకు తళతళలాడుతున్నట్టు కనిపించే మెరుపులో కొంత ఈ గీతలదే.

పాత రూపానికి తేవచ్చా అని అడిగారు. తేలేరు. ఇంట్లోనే వెండిని నల్లబరిచే చిట్కాలు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి, దయచేసి ఏదీ ప్రయత్నించకండి. మింట్‌లో వేసిన నలుపు పల్లాల్లో నిలిచి, ఎత్తుల మీద పల్చబడి, ఎముకకి లోతు తెచ్చేది. మీరు చేస్తే మొత్తం మసి పూసినట్టు అవుతుంది, కింద గీతలు గీతల్లాగే ఉంటాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. అలా మళ్లీ నల్లబరిచిన నాణెం రేపెప్పుడో ఇంకొకరి చేతికి వెళితే, అది అసలు నలుపేనని వాళ్లు మోసపోతారు.

విలువ సంగతికొస్తే, సేకర్తలు ఇచ్చే అదనపు ధర చాలావరకు పోయింది. నాణేలకి గ్రేడింగ్ చేసే, అంటే నాణెం ఎంత బాగుందో పరీక్షించి అంకె వేసే పెద్ద సంస్థలు, ఎన్‌జీసీ గానీ పీసీజీఎస్ గానీ, ఇలా తోమిన నాణేనికి మామూలు అంకెల గ్రేడు ఇవ్వవు. శుభ్రం చేసినట్టు గుర్తు రాసి పక్కన పెడతాయి. మిగిలింది వెండి. ఆ నాణెం 99.99 శాతం స్వచ్ఛమైన వెండి, బరువు దాదాపు అర ఔన్సు. టూత్‌పేస్ట్ అందులోంచి కొరుక్కుపోయింది లెక్కలోకి రానంత. కాబట్టి మొత్తం పోయింది అనకండి, ఒక పొర పోయింది.

ఇక మీదట దాన్ని అంచులు పట్టుకునే తీయండి, వేళ్లు బొమ్మకి తగలకూడదు. దాని క్యాప్సూల్‌లోనే ఉంచండి. పగిలిపోయి ఉంటే అదే కొలతలో గట్టి యాక్రిలిక్ క్యాప్సూల్ కొనండి. మెత్తగా, జారుడుగా, ఒక రకమైన ప్లాస్టిక్ వాసన వచ్చే కవర్లు మాత్రం వద్దు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. ముప్పై ఏళ్ల కిందట ముచ్చటపడి ఒక ఆల్బమ్ కొన్నాను, పేజీలన్నీ మెత్తటి పీవీసీ. నాలుగైదేళ్లు తెరవలేదు. తెరిచేసరికి నాణేల మీద పచ్చటి జిగురు. పీవీసీని మెత్తబరచడానికి కలిపే రసాయనాలు నెమ్మదిగా బయటికొచ్చి లోహాన్ని తింటాయని అప్పుడు తెలిసింది. అమ్మినతను "ఫారిన్ క్వాలిటీ సార్" అని మరీ ఇచ్చాడు. రబ్బరు బ్యాండ్లు కూడా వెండికి దగ్గర్లో పెట్టకండి, వాటిలో గంధకం ఉంటుంది.

పెట్టుబడి అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది, అందుకే దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. డైనోసార్ నాణేనికి మీరు ఇచ్చే డబ్బులో లోహం ఒక భాగం మాత్రమే. బొమ్మ గీసిన చిత్రకారుడికి, రంగు వేసినందుకు, అందమైన పెట్టెకి, సర్టిఫికెట్‌కి, మధ్యలో అమ్మేవాళ్ల లాభానికి కూడా కలిపే ఇస్తారు. తిరిగి అమ్మబోతే వీటిలో ఖాయంగా చేతికొచ్చేది లోహం ధర ఒక్కటే. అదీ వెండి, బంగారం అయితేనే. రంగులు వేసి వచ్చే చాలా నాణేలు రాగి, నికెల్ కలిపిన లోహంతో చేస్తారు, వాటిని లోహంగా కొనేవాడే ఉండడు. ఇన్ని వేలే ముద్రించాం అని సర్టిఫికెట్ మీద అంకె వేసి ఊరిస్తారు. అన్ని వేలమంది దాన్ని వెతుక్కుంటూ వస్తేనే కదా ఆ అంకెకి అర్థం! పైగా డైనోసార్ బొమ్మ ఎప్పుడూ అమ్ముడుపోయే సరుకు. ఏ మింట్‌కి ఆదాయం కావాలన్నా ఒక టైరనోసారస్‌ని గుద్ది వదులుతుంది. ప్రతి ఏడాదీ కొత్తవి వచ్చి పడుతుంటే పాతవాటి ధర పెరుగుతుందని భరోసా ఏముంది? కొన్ని పెరిగాయి, కాదనను. ఏవి పెరుగుతాయో ముందే తెలిసినవాడు మాత్రం నాకు తగల్లేదు.

ముఖవిలువని చూసి కూడా ధైర్యం తెచ్చుకోకండి. మీ నాణెం కెనడాలో చట్టప్రకారం 4 డాలర్లే, అందులో ఉన్న వెండికి దానితో సంబంధం లేదు. ఆస్ట్రియా మింట్ 2019లో చీకట్లో మెరిసే డైనోసార్లతో 3 యూరోల నాణేల వరుస మొదలుపెట్టింది, మొత్తం 12. పిల్లలకి భలే నచ్చుతాయి. కానీ సేకర్తల కోసం చేసే ఇలాంటి యూరో నాణేలు విడుదల చేసిన దేశంలో తప్ప మిగతా యూరో దేశాల్లో చెల్లవు. చాలా డైనోసార్ నాణేల మీద నియుయె, కుక్ దీవులు, తువాలు, పలావు లాంటి చిన్న ద్వీప దేశాల పేర్లు కనిపిస్తాయి. ఆ దేశాల్లో వాడుకలో ఉన్నది న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, అమెరికా డాలర్లు. ఎక్కడో మరో దేశంలోని మింట్, ఒప్పందం మీద వాళ్ల పేరు వేసి తయారు చేస్తుంది. అందులో మోసమేమీ లేదు, చట్టబద్ధమే. కాకపోతే ఆ దీవుల్లో ఎవరి జేబులోనూ అది ఉండదు. అసలు దేశం పేరు గానీ విలువ గానీ లేకుండా వస్తే మాత్రం అది నాణెమే కాదు, పతకం. పతకమని చెప్పి అమ్మితే తప్పులేదు, నాణెమని అమ్మితే తప్పు.

ఎముక పొదిగిన నాణెం గురించి నా సలహా, ఇప్పుడే వద్దు.

నిజమైన శిలాజాలు పొదిగిన నాణేలు ఉన్నాయి. ఎక్కువగా అమ్మొనైట్ గుల్లలు, ట్రైలోబైట్లు (రెండూ ఎప్పుడో అంతరించిన సముద్రపు జీవులు), అంబర్ (గట్టిపడిన చెట్టు జిగురు) ముక్కలు, మామత్ (పాతకాలపు బొచ్చు ఏనుగు) దంతం, ఎముక చెక్కు వాడతారు. అమ్మొనైట్లు, ట్రైలోబైట్లు భూమి పొరల్లో కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి. చిన్నదైనా మొత్తం ఆకారం కంటికి కనిపిస్తుంది కాబట్టి పిల్లవాడు దాన్ని చూసి ఏదో నేర్చుకుంటాడు. డైనోసార్ ఎముక చెక్కు అలా కాదు. గోరంత ముక్క, గోధుమరంగులో ఉంటుంది, ఏ జంతువుదో, ఏ ఎముకో ఎవరూ చెప్పలేరు. ఎముకే అని నమ్మించడానికి మీ చేతిలో ఉండేది ఒక్క సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్‌లో ఏ రాతి పొర నుంచి తీశారు, ఏ ప్రాంతం, ఏ కాలం అని స్పష్టంగా రాసి ఉందేమో చూడండి. "6.5 కోట్ల సంవత్సరాల నాటి డైనోసార్" అని మాత్రమే ఉంటే అది ప్రకటన, ఆధారం కాదు.

ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఊరికే చాదస్తంతో అడగడం లేదు. మంగోలియా తన డైనోసార్ శిలాజాలని దేశం దాటనివ్వదు. 2012లో అమెరికాలో ఒక టార్బోసారస్ అస్థిపంజరాన్ని వేలం వేస్తే ధర 10 లక్షల డాలర్లు దాటింది. మంగోలియా ప్రభుత్వం అడ్డుపడింది, కేసు నడిచింది, 2013లో ఆ అస్థిపంజరం మంగోలియాకి తిరిగి వెళ్లింది. అంత పెద్ద అస్థిపంజరమే దొంగదారిన వచ్చి వేలంపాట దాకా వెళ్లగలిగితే, పొడిచేసిన ముక్కల సంగతి ఆలోచించండి. మామత్ దంతం విషయంలో ఇంకో చిక్కు, దాని పేరు చెప్పి ఏనుగు దంతం అమ్మేవాళ్లున్నారు. అందుకే కొన్ని చోట్ల మామత్ దంతం అమ్మకం మీద కూడా ఆంక్షలు పెట్టారు.

మీవాడికి 'అసలైనది' కావాలి, అదేగా పట్టు? అయితే డిప్పీ సంగతి చెప్పండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పెద్ద హాలు మధ్య దశాబ్దాల తరబడి నిలబడ్డ డిప్లోడోకస్ అది. తరతరాల పిల్లలు దాని కింద నిలబడి నోరు వెళ్లబెట్టారు. అందులో ఒక్క ఎముకా అసలుది కాదు. మొత్తం ప్లాస్టర్. అమెరికా కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ అసలు ఎముకలకి అచ్చులు పోయించి 1905లో బహుమతిగా ఇచ్చాడు, అసలువి పిట్స్‌బర్గ్‌లో ఉన్నాయి. అది నకలని తెలిసినా చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గలేదు.

నాణేలు అసలే వద్దని నేను అనడం లేదు. మీ అన్నయ్య మంచి దారే చూపించాడు. దేని వెనక కథ బాగుందో దాన్నే కొనండి, ఏడాదికి ఒకటైనా చాలు.

నన్నడిగితే మొదట కొనాల్సింది పాకీరైనోసారస్. రాయల్ కెనడియన్ మింటే 2012లో తెచ్చిన 25 సెంట్ల నాణెం, ఖరీదైన లోహమేమీ కాదు. వెలుతురులో చూస్తే చర్మంతో ఉన్న జంతువు రంగుల్లో కనిపిస్తుంది. దీపం ఆర్పితే అదే చోట ఎముకల గూడు మెరుస్తుంది. ఆ జంతువు పూర్తి పేరు పాకీరైనోసారస్ లకుస్టై. లకుస్టై ఏమిటంటే, ఆల్ లకుస్టా అనే ఆయన కెనడాలో ఒక బళ్లో సైన్స్ టీచర్. 1970ల మొదట్లో ఆల్బర్టాలోని పైప్‌స్టోన్ క్రీక్ అనే వాగు పక్కన ఆయనకి ఎముకలు కనిపించాయి. తర్వాత తవ్వితే అదొక ఎముకల గుట్ట, వేలల్లో బయటపడ్డాయి. 2008లో శాస్త్రవేత్తలు ఆ జాతికి ఆయన పేరే పెట్టారు. ఒక స్కూలు టీచరు పేరు డైనోసార్‌కి, ఆ డైనోసార్ నాణెం మీదికి! మెరిసే నాణెం చూడగానే రేడియేషన్ ఉంటుందేమోనని భయపడే పెద్దవాళ్లని చూశాను. భయం అక్కర్లేదు, అది వెలుతురుని పట్టుకుని చీకట్లో నెమ్మదిగా వదిలే పూత. కాసేపయ్యాక మసకబారుతుంది, మళ్లీ దీపం కింద పెడితే సరి. తోమితే మాత్రం పోతుంది!

ఇదే వరుసలో 2014లో వచ్చిన టిక్టాలిక్ కూడా నాకిష్టం. డైనోసార్ కాదు, 37 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటి చేప. 2004లో కెనడా ఉత్తరపు కొసన ఎల్స్‌మియర్ దీవిలో దొరికింది. రెక్కల్లోనే మణికట్టులాంటి ఎముకలున్న చేప. జంతువులు నీళ్లలోంచి నేల మీదికి ఎలా వచ్చాయని పిల్లలు అడిగే ప్రశ్నకి అంతకంటే మంచి బొమ్మ దొరకదు.

బ్రిటన్ రాయల్ మింట్ ఏడు పలకల 50 పెన్నీల నాణేల మీద 2020లో మూడు డైనోసార్లని వేసింది. నేచురల్ హిస్టరీ మ్యూజియంతో కలిసి చేసిన పని, బొమ్మలు రాబర్ట్ నికోల్స్‌వి. మెగలోసారస్, ఇగ్వానోడాన్, హైలియోసారస్. చాలామంది పిల్లలకి ఈ పేర్లు నచ్చవు, టైరనోసారస్ ఏదీ అంటారు. కానీ 'డైనోసార్' అన్న మాట పుట్టింది ఈ మూడింటి వల్లే. వీటిని కలిపి చూసే 1842లో బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ డైనోసారియా అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది, 2021లో, మేరీ యానింగ్ పేరుతో ఇంకో మూడు వచ్చాయి. ఈమె ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్ సముద్రపు ఒడ్డున శిలాజాలు ఏరి అమ్ముకుంటూ బతికిన పేదింటి పిల్ల. అన్న జోసెఫ్‌కి ఒక సముద్రపు సరీసృపం తల ఎముక దొరికితే, మిగతా ఒళ్లంతా వెతికి పట్టుకునే నాటికి ఆమెకి పన్నెండు, పదమూడేళ్లు. 1823లో ప్లీసియోసారస్, 1828లో డైమోర్ఫోడాన్ కూడా ఆమే కనిపెట్టింది. ఆడది కాబట్టి ఆ రోజుల్లో భూగర్భ శాస్త్రవేత్తల సంఘం జియలాజికల్ సొసైటీలో చోటు దొరకలేదు. ఈ మూడు నాణేలు కొంటే మీవాడికి ఒక పందెం పెట్టండి, వీటిలో డైనోసార్ ఏది అని. ఒకటీ కాదు! రెండు సముద్రపు సరీసృపాలు, మూడోది ఎగిరేది. వాడు ఈ సంగతి మీకంటే ముందే చెప్పేస్తాడని నా అనుమానం.

బ్రిటన్‌వి కొనేటప్పుడు బ్రిలియంట్ అన్‌సర్క్యులేటెడ్ అనే మామూలు రకం చాలు. వెండి ప్రూఫ్, బంగారం ప్రూఫ్ (అద్దంలా మెరిసేలా చేసే ఖరీదైన రకాలు) అంటూ ధరలు పైకి పోతూనే ఉంటాయి, బొమ్మ అదే.

ఇక బాబుకి చెప్పడం సంగతి. చెప్పండి, దాచకండి. చెప్పేముందు ట్రైసెరాటాప్స్ పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పండి. 1887లో అమెరికాలో డెన్వర్ దగ్గర దాని కొమ్ములు రెండు దొరికాయి. అప్పట్లో శిలాజాల విషయంలో అంతటి మొనగాడు లేడనిపించుకున్న ఓత్నీల్ మార్ష్ వాటిని చూసి, ఇది పాతకాలపు అడవిదున్న అని తేల్చేశాడు, పేరు కూడా పెట్టేశాడు. ఇంకా మంచి పుర్రెలు దొరికాక నాలుక కరుచుకుని 1889లో ట్రైసెరాటాప్స్ అన్నాడు. మీరు మచ్చ అనుకున్నారు, ఆయన దున్న అనుకున్నాడు.

మ్యూజియంలో ఏ ఎముకకి ఎక్కడ అతుకు వేశారో, ఏ భాగం ప్లాస్టర్‌తో నింపారో రాసి పెట్టుకుంటారు. మీరూ ఒక చిన్న కాగితం ముక్క మీద మీవాడి చేతే రాయించి క్యాప్సూల్‌తో పాటు పెట్టెలో పెట్టండి: ట్రైసెరాటాప్స్, కెనడా, 2008, మామయ్య ఇచ్చాడు, ఫలానా తేదీన అమ్మ టూత్‌పేస్ట్‌తో తోమింది.